నలభై ఏళ్ల ఊళ

“ఆ టేపు వెయ్యొద్దమ్మా, నా మాట విను,” అన్నాడు ముసలాయన జీపు దిగుతూనే.

అటవీశాఖ ఆఫీసరమ్మ నవ్వింది. “భలేవారే బాబాయిగారూ! ఆ టేపు వెయ్యడానికే కదా మిమ్మల్నీ పిన్నిగారినీ ఇంత పొద్దున్నే లేపి కొండెక్కించింది!”

తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. లోయ నిండా పొగమంచు. జీపు మీద పెద్ద స్పీకరు బిగించారు. దాని పక్కన రేడియో వ్యాఖ్యాత మైకు పట్టుకుని చలికి గంతులేస్తున్నాడు. అతని మాటల్ని దేశమంతా చెవులప్పగించి వింటోంది.

ఆ దేశంవాళ్లకు తోడేలంటే ఉత్త జంతువు కాదు. మహావరదలో దారి తప్పిన పూర్వీకులను ఒక తోడేలు ఊళ వేసి ఈ కొండల మీదికి పిలిచిందని కథ. జెండా మీద తోడేలు, నాణెం మీద తోడేలు, పోలీసు టోపీ మీద తోడేలు. అడవిలో మాత్రం తోడేలు లేదు. నలభై ఏళ్ల కిందట, ముసలాయన రేడియోలో సౌండు రికార్డిస్టుగా ఉన్నప్పుడు ఇదే కొండ మీద టేపులో పట్టుకొచ్చిన ఊళే ఆఖరిది. రోజూ పొద్దున వార్తల ముందు దాన్నే వేస్తారు. ఇళ్లలో పెద్దవాళ్లు టీ కప్పు కింద పెట్టి లేచి నిలబడతారు. బడిలో పిల్లలు గుండె మీద చెయ్యి పెట్టుకుంటారు.

పోయిన నెల లోయలో అడుగుజాడలు కనబడ్డాయి. ఆఫీసరమ్మకు కాలు నేల మీద నిలవలేదు. లోయ సంగతి తేల్చే ప్రభుత్వ కమిటీవాళ్లు మాత్రం, “ఏ ఊరకుక్కవో అయ్యుంటాయి,” అని చప్పరించేశారు. లోయను రాళ్ల క్వారీకి అప్పగించే కాగితాల మీద ఇవాళ పది గంటలకు సంతకాలు.

“తోడేలు పిలిస్తే తోడేలు బదులిస్తుంది బాబాయిగారూ. ఆ బదులు రికార్డయితే చాలు, సంతకాలు ఆగిపోతాయి.”

“పలక్కపోతే?”

“లోయ పోయినట్టే.”

ముసలాయన స్పీకరుకేసి చూశాడు. “పాత టేపమ్మా, గరగరలుంటాయి. వేరే దేశం నుంచి మంచి రికార్డింగు ఏదైనా తెప్పించకూడదూ?”

“ఎంతమాట! మన తోడేలుని పరాయి గొంతుతో పిలుస్తామా? జనం ఊరుకుంటారా?”

ఆయన శాలువా బిగించి కప్పుకున్నాడు. భార్య ఫ్లాస్కులోంచి టీ పోసి అందించింది.

“తాగండి. చేతులు వణుకుతున్నాయి.”

“చలికి.”

“అవును, చలికే,” అందామె.

వ్యాఖ్యాత మైకు ఆమె ముందు పెట్టాడు. “అమ్మగారూ, ఆ రోజు మీరూ ఇక్కడే ఉన్నారటగా?”

“పెళ్లయిన కొత్త. వండిపెట్టే దిక్కు లేదని నన్నూ వెంట తీసుకొచ్చారు. పన్నెండు రోజులు గుడారంలో ఉన్నాం. పిట్ట కూడా పలకలేదు.”

“పదమూడో రోజున?”

“పదమూడో రోజున ఊళ టేపుకెక్కింది. ఆ తర్వాత వారం దాకా నాకు మాటే రాలేదు.”

“ఆనందంతో!” అని కేకపెట్టాడు వ్యాఖ్యాత. “విన్నారా శ్రోతలూ, ఆనందంతో వారం రోజులు మాటే రాలేదట!”

ముసలాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. “ఇంటికి పోదాం పద.”

“కూర్చోండి. ఇంత దూరం వచ్చాంగా.”

ఆఫీసరమ్మ మీట నొక్కింది. చిన్నప్పటి నుంచి అందరి నరనరానా ఇంకిపోయిన ఆ ఊళ సన్నగా మొదలై, పైపైకి పాకి, లోయ మీద పరుచుకుంది. వ్యాఖ్యాత నిటారుగా నిలబడ్డాడు. జీపు డ్రైవరు టోపీ తీశాడు.

లోయ ఉలకలేదు, పలకలేదు.

రెండోసారి వేశారు. ఎక్కడో రాయి దొర్లిన చప్పుడు. అంతే.

“ఇదే ఆఖరు,” అంది ఆఫీసరమ్మ. మళ్లీ మీట నొక్కింది. మూడోసారి ఊళ లేచి, మంచులో కరిగిపోయింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది.

“తప్పంతా నాదేనమ్మా,” అన్నాడు ముసలాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు...”

“ఉష్!” ఆఫీసరమ్మ ఆయన భుజం నొక్కిపట్టింది.

లోయ అడుగు నుంచి ఒక గొంతు లేచింది. మందంగా, బరువుగా, ఆగి ఆగి. దానికి ఎడమ వైపు నుంచి ఇంకొకటి జత కలిసింది. వెనకాలే సన్నటి కూన గొంతులు నాలుగో అయిదో, తడబడుతూ, కీచుమంటూ అందుకున్నాయి. రికార్డరు ముల్లు తైతక్కలాడింది.

“పలికింది! పలికింది! పిల్లలు కూడా ఉన్నాయి!” ఆఫీసరమ్మ డ్రైవరును పట్టుకుని ఊపేసింది. ఆమె ఫోను మోగింది. అవతల కమిటీ అధ్యక్షుడే. “విన్నాం! అందరం విన్నాం! సంతకాలు ఆపేశాం!” అంటున్న అరుపు పక్కనున్నవాళ్లకూ వినబడింది. కింద ఊళ్లలో గంటలు మోగుతున్నాయి. వాహనాల హారన్లు ఆగడం లేదు.

“నలభై ఏళ్ల నాటి పిలుపుకి ఇవాళ బదులొచ్చింది!” వ్యాఖ్యాత ఏడుస్తూనే అరుస్తున్నాడు. “తాత పిలిస్తే మనవలు పలికారు శ్రోతలూ!”

ముసలాయన మాత్రం రాతి మీద చతికిలబడి, నోరు తెరుచుకుని లోయకేసి చూస్తూండిపోయాడు. పాపం, సంతోషం పట్టలేకపోతున్నాడని అందరూ పక్కకు తప్పుకున్నారు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆమె బుగ్గలు కొత్త పెళ్లికూతురివిలా ఎర్రబడ్డాయి. ఆయన భుజాన జారిన శాలువా సర్ది, చెవి దగ్గరగా వంగి గుసగుసలాడింది.

“ఏవండీ, నేను వేసిన ఊళకి నిజం తోడేలు పలికింది!”