ఏ రకమో తేలాలి

కనుమ దారిలో బండి ఆగిపోయింది. ముందు ఒక లారీ మంచులో అడ్డం తిరిగింది.

కుబాత్ దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"కూర్చోరా నాయనా. నువ్వు తిరిగితే లారీ లేస్తుందా?" అంది వెనక సీట్లో తోలుకోటు తొడుక్కున్న అవ్వ.

నరీన్ ఊళ్ళో ఆసుపత్రి ముందు బండెక్కినప్పటి నుంచీ ఆమెది ఒకటే గోల. పెట్టెలో ఏముంది, ఎవరిది, ఏం జబ్బు?

"మా పాప ఎముక మజ్జ," అన్నాడు విసుగ్గా. "రక్త క్యాన్సర్. అందులోనూ రకాలున్నాయట. బి కణాలదా, టి కణాలదా, జన్యువు మారిన రకమా... అది తేలితేగానీ ఏ మందివ్వాలో తెలీదట. సాయంత్రంలోగా బిష్కెక్ ల్యాబ్‌కి చేరాలి. చాలా?"

"పెట్టెలో ఎట్లా పెట్టావు?"

"మంచు కూరి పెట్టాను. నీకెందుకు?"

అవ్వ వెనక్కి తిరిగి డిక్కీ వైపు చూసింది.

లారీ కదిలిందేమో అతను చూసొచ్చేసరికి డిక్కీ తెరిచి ఉంది. మంచంతా రోడ్డు మీద పడి ఉంది. మజ్జ ఉన్న గాజుగొట్టం లేదు!

"నా కోటు జేబులో ఉంది. అదృష్టం, ఇంకా గడ్డకట్టలేదు," అంది అవ్వ.

కుబాత్ ఆమె దగ్గరికి ఉరికాడు.

"పాడైపోతుంది! చలికాలం కోసిన మాంసాన్ని బయట వేలాడదీస్తావా, పొయ్యి పక్కన పెడతావా?"

"మాంసం చచ్చినదిరా. ఇది బతికుండాలి."

"ఇటివ్వు!"

"నరికినా ఇవ్వను."

లాక్కోబోయాడు. డ్రైవర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దావిడ మీద చెయ్యేంటి తమ్ముడూ! మన ఇంటా వంటా ఉందా?"

"నీ ఇంటి పిల్లయితే తెలిసేది నీకు!" అని అరిచాడు కుబాత్.

అవ్వ కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

లారీని పక్కకు లాగాక బండి కదిలింది. ల్యాబ్ గేటు దగ్గర అవ్వ గొట్టం అతని చేతిలో పెట్టింది. అతను ఆమె ముఖం కూడా చూడకుండా లోపలికి పరుగెత్తాడు.

రెండు గంటలు వరండాలో కాలు నిలవలేదు. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"టి రకం. ఏ మందు మొదలుపెట్టాలో నరీన్ ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను. కణాలు చక్కగా బతికున్నాయి. చలికాలం ఆ కనుమ దాటేసరికి గడ్డకట్టి పగిలిపోతే ఏ రకమో దేవుడు కూడా చెప్పలేడు. తెలివైన పని చేశావు."

కుబాత్‌కు సిగ్గేసింది. గేటు దగ్గరికి ఒక్క పరుగు తీశాడు.

"తోలుకోటు అవ్వ ఏది?"

"అప్పుడే నరీన్ వెళ్ళే బండెక్కేసిందిగా," అన్నాడు కాపలా తాత.

"ఊళ్ళో పనేమీ లేదా ఆమెకి?"

"ఏం పని? మీ ఆసుపత్రి పెట్టె ఏ బండెక్కితే ఆ బండెక్కుతుంది. పెట్టె దిగితే వెనక్కి పోతుంది."

"ఎందుకూ?"

తాత గేటు పక్కన బల్ల చూపించాడు.

"పోయిన చలికాలం ఇక్కడే కూలబడింది నాయనా, మనవరాలి గొట్టం మంచులో పెట్టి తెచ్చి."