ఎనిమిదో సూది

"మంట నోట్లో ఉంటే సూది కాలికి ఎందుకమ్మా?" అన్నాడు ఎర్రిస్వామి, మంచం మీద వెల్లకిలా పడుకునే.

"నరం లోపల్లోపలే ఈడికి వస్తాది పెద్దనాయనా," అంది ఆక్యుపంక్చర్ డాక్టర్ సరళ, ఏడో సూది దింపుతూ.

ఎర్రిస్వామి ఉలిక్కిపడ్డాడు. సూదికి కాదు, ఆ మాటకు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో తిరిగి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పడం అతని పని. జల లోపల్లోపలే ఈడికి వస్తాదని ముప్పై ఏళ్లుగా రైతులకు చెబుతున్నాడు.

నోటి మంటకని మూడేళ్లలో నాలుగు పళ్లు పీకించుకున్నాడు. పళ్లు పోయాయి, మంట పోలేదు. ఇప్పుడు నెల రోజులుగా చైనా మూలికల కషాయం తాగుతున్నాడు.

"ఇదీ తగల్లేదంటే?"

"రవ్వంత పక్కన ఇంకొకటి యేస్తాం. నమ్మకం ఉండాల."

అదీ అతని మాటే.

పక్క మంచం మీద, మోకాళ్ల నిండా సూదులతో ఉన్న ఓబులేసు కిసుక్కున నవ్వాడు. ఎర్రిస్వామి చూపించిన చోటల్లా తవ్వించి, తనకల్లు ఊరి దగ్గర చుక్క నీరు లేని బోర్లు ఏడు వేయించిన రైతు అతను.

ఎర్రిస్వామి పైకప్పు వైపు చూస్తూ, "ఓబులేసూ, ఆ టెంకాయను నా బొటనవేలే లేపుతాండె," అన్నాడు.

"తెలుసులేన్నా. మూడో బోరుకే కనుక్కుంటి."

"మళ్లా నాలుగుసార్లు ఎందుకు పిలిస్తివి?"

"ఏం చేద్దామప్పా. యాడో ఒకచోట ఉండాదని చెప్పేటోడివి నువ్వొక్కడివే కదా."

ఎర్రిస్వామి పళ్లు లేని చోటును నాలుకతో కాసేపు తడుముకున్నాడు. తర్వాత రెండో కాలు చాపాడు.

"ఇంకొకటి యెయ్యమ్మా."