మూతపడని ప్రోగ్రాం

మీకు ఆగడం చేతకాదు. లిఫ్టు తలుపు మూసుకునేలోపు పదిసార్లు బటను నొక్కేది మీరే.

శంషాబాద్‌లో, విమానమెక్కే పూలను దాచే కోల్డ్ స్టోరేజీలో మొన్న సాయంత్రం షిఫ్టు అయిపోయింది. కంప్యూటర్‌లో ప్రోగ్రాం మూతపడితేనే అక్కడ తలుపులకు తాళాలు పడతాయి. అది ఎంతకీ మూతపడలేదు.

"ఏంది కవితా, నీ ప్రోగ్రాం మొండికేసింది? బస్సు పోతది," అన్నాడు ఇన్‌ఛార్జి, కంప్యూటర్ చూసే కవితతో.

"ముందర పనంతా అయింది సార్. వెనక ఒక థ్రెడ్, అంటే ఇంకో పని, ఇంకా నడుస్తున్నది. అది అయితేనే బంద్ అయితది."

"గదేం జేస్తది?"

"ఎవరో పాతాయన రాసిండు. చూడాలె."

"రేపు చూద్దువు గాని. వెనకదాని కోసం గింతమందిమి పరేషాన్ కావాల్నా?"

వెనక పనుల కోసం ఆగొద్దని కవిత ఒక్క లైను మార్చింది. తాళాలు పడ్డాయి. ఇన్‌ఛార్జి చప్పట్లు కొట్టాడు.

బస్సులో కవిత రోజూలాగే పక్క సీటు మీద చున్నీ వేసింది. సాతంరాయి ఊరి నుంచి పూలు సర్దడానికి వచ్చే శివమ్మ కూర్చునే సీటది.

"అక్క ఆటోల పోయినట్టుంది," అన్నారెవరో. కవిత చున్నీ తీసేసింది.

తెల్లారి ఆ థ్రెడ్ ఏం చేస్తుందో చదివింది. చలిగదిలోకి వెళ్ళిన మనుషులందరూ బయటికి వచ్చేదాకా అది కాచుకుని ఉంటుంది.

అప్పటికే చలిగది ముందు జనం గుమిగూడారు.

కంపెనీ దీన్ని సాంకేతిక లోపమంటోంది. ఆ సాయంత్రం శివమ్మ కోసం ఆగింది ఆ థ్రెడ్ ఒక్కటే.

ఇక్కడ పనిచేసే మేం అడిగేవి ఇవి:

చలిగది తలుపు లోపలినుంచి తెరుచుకోవాలి.

ఏం చేస్తుందో చదవకుండా దేన్నీ ఆపకూడదు.

శివమ్మ పిల్లలకు పరిహారం ఇవ్వాలి.

చివరి మనిషి ఎక్కేదాకా బస్సు కదలకూడదు.