ఎర్రయ్యకు కోటు వెయ్యలేదు

అనకాపల్లిలో పోయినవాళ్లందరికీ నానాజీ దగ్గర ఒకటే కోటు.

నీలం రంగుది. ఎవరో పెళ్లికొడుకు ఫొటోలోంచి కత్తిరించి కంప్యూటర్లో దాచుకున్నాడు. మనిషి పోగానే ఇంటివాళ్లు రేషన్ కార్డు పట్టుకుని నానాజీ డీటీపీ సెంటర్‌కి వస్తారు. అందులోంచి తలకాయ తీసి కోటు మీద పెడతాడు. పేజ్‌మేకర్లో పేజీ తెరిచి, ఆ బొమ్మ అమర్చి, మెళ్లో పూలదండ బొమ్మ వేసి, కింద ‘అశ్రునయనాలతో’ అని కొడతాడు. బతికినన్నాళ్లూ చొక్కా గుండీలు పెట్టుకోనివాళ్లు కూడా ఫ్లెక్సీలో కలెక్టర్లలా పైకి వెళ్లిపోతుంటారు. ఒకసారి ఒక ముసలాయనకు మూడు చేతులొచ్చాయి. అయినా కార్యం ఆగలేదు.

బెల్లం వ్యాపారి ఎర్రయ్య పోయినప్పుడు ఆయన భార్య నూకరత్నం కూడా రేషన్ కార్డే తెచ్చింది. అందులో ఎర్రయ్య ముఖం కన్నా దాని మీద పడ్డ ముద్రే బాగా కనిపిస్తోంది.

“ఇంకేటీ నేదు బాబూ. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయేవోడు. పెద్దకర్మకి ఊరంతా వత్తాది. నలుగుర్లో నా పరువు నిలబెట్టు.”

“నువ్వెళ్లత్తా. నేను సూసుకుంటాను,” అన్నాడు నానాజీ.

ఆ వారమంతా అతని మనసు మనసులో లేదు. షాపు వెనకే ఇల్లు. తల్లి పద్మకుమారి జ్వరమని మంచం దిగడం లేదు. గంజి కాచి ఇస్తే వద్దంటోంది. ఇంట్లో గంజి, షాపులో ఫ్లెక్సీ. రెండింటి మధ్యా తిరుగుతూనే ఫైలు సీడీలో ఎక్కించి వైజాగ్‌కి ప్రింటింగుకు పంపేశాడు.

పెద్దకర్మ నాడు పొద్దున్నే పందిరి ముందు ఫ్లెక్సీ విప్పారు. అందరూ నోళ్లు తెరిచారు.

ఎర్రయ్య నవ్వుతున్నాడు. తెల్లటి సిల్కు చొక్కాలో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ముద్ర లేదు, మరక లేదు.

“కోటెయ్యలేదేటి?” అని ఎవరో నొచ్చుకున్నారు.

నూకరత్నం మాత్రం అలా చూస్తూ ఉండిపోయింది. “నవ్వెలా తెచ్చేవు బాబూ? ఆ మనిసి నవ్వగా నేనెప్పుడూ సూడనేదు.”

“కంప్యూటర్లో అన్నీ వత్తాయత్తా,” అన్నాడు నానాజీ, తల దించుకుని.

అప్పుడు ఆమె తమ్ముడు త్రినాధరావు ఫ్లెక్సీ దగ్గరకొచ్చాడు. “దండేదిరా?” అన్నాడు. ఇంకాస్త దగ్గరకొచ్చి, “ఈ సెయ్యెవుల్దిరా?” అన్నాడు.

దండ లేదు. దండ ఉండాల్సిన చోట, ఎర్రయ్య భుజం మీద, ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. మణికట్టు నిండా ఎర్రగాజులు.

వంటవాడు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనక గారెల వాయ మాడిపోయింది. నూకరత్నం ముఖం పాలిపోయింది. పరువు నిలబెట్టమంటే ఊరి నడిమధ్య ఆరేసినట్టయింది పాపం.

నానాజీ చెంపలు వాయించుకున్నాడు. “నాదే తప్పు మావా! తలకాయొక్కటే మీ బావది. ఒళ్లు ఎవుడో పెళ్లికొడుకుది. పక్కనున్న పెళ్లాం సెయ్యేసింది. అది సెరపడానికి బద్ధకమై పైన దండ బొమ్మ కప్పేసేను. ఆ దండని సీడీలో ఎక్కించడం మర్సిపోయేను!”

పేజ్‌మేకర్ సంగతే అంత. పేజీలో బొమ్మ కనిపిస్తుంది గానీ అందులో ఉండదు. అసలు బొమ్మను విడిగా పంపకపోతే ప్రింటులో రాదు.

“అయితే ఆ పెళ్లికొడుకు ఫొటో సూపించు.”

“డిలీట్ చేసేసేను మావా.”

త్రినాధరావు చెయ్యెత్తాడు. ఇంతలో వెనక నుంచి అప్పారావు అందుకున్నాడు. “ఈడి పనెప్పుడూ ఇంతే! మా నాన్నకి మూడు సేతులెట్టేడు!”

పందిరంతా గొల్లున నవ్వింది. ఎత్తిన చెయ్యి ఊరికే దించడం ఎందుకని త్రినాధరావు నానాజీ చెంప మీద ఒక్కటిచ్చాడు. నూకరత్నానికి ఊపిరి వచ్చింది.

“సచ్చినోడా! నా గుండాగిపోయింది కదరా!” అని తిట్టి, కళ్లు తుడుచుకుంది. “పరాయి ఆడదాని వంక కన్నెత్తి సూడని మనిసి, ఆ మారాజు.”

బంతిపూల దండ తెప్పించి, సరిగ్గా ఆ చెయ్యి కనబడకుండా తనే ఫ్లెక్సీకి వేలాడదీసింది.

నానాజీ భోజనానికి ఆగలేదు. చెంప రుద్దుకుంటూ షాపుకెళ్లి, ఇంకా స్కానర్లోనే ఉన్న ఫొటో తీసుకుని, అందులో ఎర్రయ్య పక్కన నిలబడి ఆయన భుజం మీద ఎర్రగాజుల చెయ్యి వేసి నవ్వుతున్న అమ్మను ఒక్కసారి చూసి, మంచం మీదున్న పద్మకుమారి బోసి చేతుల్లో దాన్ని తిరిగి పెట్టేశాడు.