పరుపులాయన భుజం

"ఆగండి. కర్ర ఎత్తకముందే మీ మెడ బిగిసిపోయింది," అంది టీచరు.

పరుపులాయన కర్ర దించాడు. నేల మీద పాత పరుపు పరిచి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు గోడవారగా కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. మొదటి రోజు ఆమె ఎవరిచేతా వ్యాయామాలు చేయించదు. రోజూ చేసే పనే చేసి చూపించమంటుంది. ఒళ్ళు ఎక్కడ అనవసరంగా బిగుసుకుంటోందో వాళ్ళకే తెలిసేలా చేస్తుంది. బట్టలు కుట్టే ఆవిడ అప్పటికే కుర్చీలోంచి తేలిగ్గా లేవడం నేర్చుకుంది. బస్సు డ్రైవరు తల తిప్పడం నేర్చుకున్నాడు. ఈయనది పరుపులు దులిపే పనట. పది దెబ్బలకే కుడి భుజం పట్టేస్తోందని, ఇలాగైతే ఉద్యోగం ఊడుతుందని వాపోయాడు.

"నా పరుపులు మొండివమ్మా. ఓ పట్టాన దుమ్ము వదలవు," అన్నాడు నవ్వుతూ.

ఆమె ఆయన మెడ వెనక రెండు వేళ్ళు ఆనించింది. కొట్టాలనిపించగానే కొట్టొద్దంది. ఒక్క క్షణం ఆగి, మెడ వదులు చేసుకుని, అప్పుడు చెయ్యి లేపమంది. బలం భుజంలోంచి కాదు, వీపులోంచి రావాలంది.

కర్ర దిగింది. గది అదిరింది.

సమ్మెలో పోలీసులు పట్టుకెళ్ళిన ఆమె తమ్ముడు మూడు రోజులుగా స్టేషన్లోనే ఉన్నాడు. ఆమెను గేటు దాటనివ్వలేదు. లోపల తమ్ముణ్ణి కొట్టేవాడు ఎవడో ఉన్నాడు, ముఖం తెలియనివాడు. కర్ర లేచినప్పుడల్లా ఆమె మనసులో వాణ్ణి ఆ పరుపు మీద పడుకోబెట్టింది. దెబ్బ మోకాళ్ళ మీద పడింది. పక్కటెముకల మీద. నోటి మీద. తనలో ఇంత కసి ఉందని ఆమెకు అంతవరకు తెలియదు. తెలిశాక సిగ్గు కూడా వెయ్యలేదు.

"ఇంకా," అంది. "ఆగి, మళ్ళీ."

యాభై దెబ్బలకు కుట్లు తెగి దూది బయటపడింది. ఆయన భుజం తడుముకుని, నొప్పే లేదని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

"నా ఉద్యోగం నిలబెట్టారమ్మా," అని దణ్ణం పెట్టి, డ్యూటీకి టైమైందంటూ ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం తమ్ముణ్ణి వదిలేశారు. ఇద్దరు స్నేహితులు మోసుకొచ్చి మంచం మీద బోర్లా పడుకోబెట్టి, డాక్టరు కోసం పరిగెత్తారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమె గోరువెచ్చటి నీళ్ళతో తడుపుతూ కొంచెం కొంచెంగా ఊడదీసింది. అయినా చొక్కాతో పాటు చర్మమూ వచ్చింది. కుడిచేతి వేళ్ళు రెండు వెనక్కి విరిగి ఉన్నాయి.

ఎంతమంది కొట్టారని అడిగింది. ఒక్కడేనన్నాడు.

"మొదట్లో తట్టుకున్నానక్కా. నిన్ననే నావల్ల కాలేదు."

"నిన్న ఏమైందిరా?"

తమ్ముడు ముఖం గోడకేసి తిప్పుకున్నాడు.

"నిన్న ప్రతి దెబ్బకీ ముందు ఒక్క క్షణం ఆగి, మెడ వదులు చేసుకున్నాడు."