కుక్క పక్కటెముకలు

తవ్వకాల్లో దొరికిన ఎముకలను నేనూ మా అత్తా షెడ్డులో శుభ్రం చేస్తున్నాం.

"ఇది వేల ఏళ్ళ కిందటి కుక్క. బరువులు మోసి వెన్నుపూసలు అరిగాయి. కొట్టిన దెబ్బలకు పక్కటెముకలు విరిగి, అతుక్కుని, మళ్ళీ విరిగాయి" అన్నారు తవ్వకాలు జరిపిస్తున్న మేడంగారు.

అత్త కళ్ళు ఒత్తుకుంది. "నోరులేని జీవాన్ని కొట్టడానికి మనసెలా వచ్చిందమ్మా? వాళ్ళ చేతులు పడిపోను!"

మేడంగారు అటు వెళ్ళగానే మా ఆయన వచ్చాడు. "క్యారేజీ ఎందుకు పంపలేదే?" అంటూ జుట్టు పట్టుకుని నన్ను బల్లకేసి కొట్టాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు.

"ఒరేయ్, ఆగరా!" అంటూ అత్త పరుగెత్తుకొచ్చింది.

ఆయన కాలు గాల్లోనే ఆగింది. ఇన్నాళ్ళకు అత్తకు నా మీదా జాలి కలిగిందనుకున్నాను.

అత్త నన్ను దాటుకుని వెళ్ళి, బల్ల మీది ఎముకల ట్రేను తీసి దూరంగా, భద్రంగా పెట్టింది.