పడనీయని గొలుసు

"ఆ గొలుసు తెగిపోతే ఏమైతాది గురప్పా?"

మునీశ్వరి ఆ మాట అడగడం అది మూడోసారి. పుంగనూరులో వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డులో, మదనపల్లె మెకానిక్కు గురప్ప బోల్టులు బిగిస్తున్నాడు. మిషనంటే పెద్దదేమీ కాదు. మోటారుసైకిలు వెనకచక్రం ఉన్నచోటే తిరగడానికి రెండు రోలర్లు, పక్కకు ఒరగకుండా ఇనుప కమ్ములు, ముందుచక్రం ఇరుసు నుంచి నేలలో పాతిన కొక్కేనికి ఒక గొలుసు. ముందుచక్రం గాలిలోకి లేపి, వెనకచక్రం మీదే బండి నడిపే విద్య కోసం ఇదంతా. వీలీ అంటాడు కొడుకు హరినాథ్. వచ్చే నెల, రెండువేల నాలుగు మే చివర్లో, కుప్పంలో దానికి పోటీ ఉందట.

"కుప్పం అడివి ఏనుగును కట్టినా తెగదక్కా. బండి వెనక్కి తిరగబడకుండా పట్టుకునేది ఇదే."

"మిషను మీద నేర్చుకుంటే రోడ్డు మీద పడడా?"

"రోడ్డు మీద నేర్చుకునేటోడు పదిసార్లు పడి నేర్చుకుంటాడు. ఈడ పడకుండా నేర్చుకుంటాడు. చక్రం మరీ లేస్తే కుడికాలితో బ్రేకు తొక్కాల. ఆ కాలికి అలవాటు చేసేదే ఈ మిషను. గొలుసు లేకుండా ఎక్కనని నాకు మాటిచ్చినాడులే."

"నిజమేనా హరీ?"

"గొలుసు లేనిరోజు మిషనెక్కనమ్మా. కావాలంటే దేవుడి పటం తీసుకురా, ప్రమాణం చేస్తా," అని నవ్వాడు హరినాథ్.

ఆ రోజు నుంచి బండి మిషను మీదే, గొలుసు తగిలించే ఉండేది. సాయంత్రమయితే షెడ్డు ముందు మంచం వాల్చుకుని, చేటలో కందిపప్పు ఏరుతూ కూర్చునేది మునీశ్వరి. ముందుచక్రం లేచినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగిపోయేది. గొలుసు బిగుసుకుని 'టక్' మన్నాకే మళ్ళీ ఊపిరి ఆడేది.

గురప్ప వచ్చినప్పుడల్లా తిట్టేవాడు. "గొలుసు మీద వాలిపోతాండావు హరీ. అది తగిలే లోపలే బ్రేకు తొక్కాల. రోడ్డు మీద గొలుసు యాడుంటాది?"

"ఈడ ఉండాది కదన్నా," అనేవాడు వాడు.

పోటీకి పదిరోజులు ఉందనగా సోమల దగ్గర రోడ్డు మీద ఇదే విద్య చేయబోయి ఎవరో కుర్రాడు పోయాడని తెలిసింది. మునీశ్వరికి అన్నం దిగలేదు.

"వద్దు నాయనా. ఈ పోటీ మనకొద్దు."

"వాడు రోడ్డు మీద చేసినాడమ్మా. నేను మిషను మీద చేస్తాండాను. అందుకే గదా ఇంత కష్టపడి చేయించింది."

భర్త వరదరాజులుతో చెబితే, "నువ్వు వాడు సైకిలు నేర్చుకున్నప్పుడూ ఇట్లనే ఏడ్చినావు," అని అంగడికి పోయాడు. ఆ తర్వాత ఆమె ఎవరినీ బతిమాలలేదు.

మర్నాడు పొద్దున గురప్ప వచ్చి రోలర్లకు గ్రీజు పెట్టి పోయాడు. మధ్యాహ్నం అంగడి నుంచి బియ్యం మూట వచ్చింది. మునీశ్వరి ఒక్కతే దాన్ని ఈడ్చుకుపోయి డ్రమ్ములో పోసింది.

"నడుం నొప్పి అంటావు, యాల ఎత్తినావు? నేనొచ్చి పోయనా?" అన్నాడు భోజనానికి వచ్చిన వరదరాజులు.

"నా ఇంటి బియ్యం నేను పోసుకోకూడదా?"

సాయంత్రం ఆమె షెడ్డు దగ్గరికి పోలేదు. వంటింట్లో ఉండగా బండి చప్పుడు వినిపించింది. చేతిలోని గరిటె కింద పడింది. "హరీ, ఆగు నాయనా," అంటూ పెరట్లోకి పరుగెత్తింది. ఇంజను గొంతు పెరిగింది. 'టక్' మనే చప్పుడు మాత్రం రాలేదు.

మదనపల్లె ఆసుపత్రిలో, వెన్నెముక దెబ్బతిన్నదనీ, మళ్ళీ నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమనీ అన్నారు. హరినాథ్‌కు తెలివి వచ్చాక ఒకటే మాట చెప్పాడు.

"గొలుసు ఉండాదనే ఎక్కినానమ్మా. దినామూ ఉంటాది కదా, సూసుకోలేదు."

ఆమె వాడి నుదురు తుడుస్తూ ఉండిపోయింది.

షెడ్డంతా వెతికినా గొలుసు దొరకలేదు.

ఐదోరోజు ఆసుపత్రికి అన్నం పట్టుకుపోదామని మునీశ్వరి ఇంటికి వచ్చింది. పక్కింటి గౌరమ్మ సాయానికి వచ్చి, ఎసరు పెట్టి, బియ్యం డ్రమ్ము మూత మీద చెయ్యి వేసింది.

"ఉండు గౌరమ్మా. నేను తీస్తా."

"ఐదు దినాలుగా నిద్ర లేదు నీకు, కూర్చో. నేను తీస్తాలే."

"బియ్యం నేనే తీస్తా," అని పైపైన నాలుగు గిద్దెలు తీసి మూత పెట్టేసింది.

అప్పుడే గురప్ప వచ్చాడు. చొక్కా వేసుకుని పోలీసు స్టేషనుకు బయలుదేరుతున్న వరదరాజులు వాకిట్లోనే ఆపేశాడు.

"ఏ మొగం పెట్టుకుని వచ్చినావప్పా?"

"అన్నా, ఆ పొద్దున నా చేత్తో గొలుసు తగిలించి, గుంజి చూసి పోయినాను. నా బిడ్డ మీద ఒట్టు."

"అయితే దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా? గ్రీజు పెట్టేదానికి తీసి, మర్చిపోయి నీ సంచిలో వేసుకుని పోయుంటావు. నా కొడుకు కాళ్ళు తీసినావు. నిన్ను జైల్లో పెట్టించేదాకా నేను నిద్రపోను."

"అందరూ అదే మాటంటాండారు. రిపేరుకిచ్చిన బండ్లు కూడా తీసుకుపోతాండారు." గురప్ప గడప దగ్గర నిలబడిన మునీశ్వరి వైపు తిరిగాడు. "అక్కా, దినామూ ఆడనే కూర్చునేదానివి. నేను పోయేటప్పుడు గొలుసు ఉండిందా లేదా? నువ్వు చెప్తే అన్న నమ్ముతాడు. ఒక్క మాట చెప్పు."



"దాన్నేం అడుగుతావు?" అని వరదరాజులు చెప్పులు వేసుకున్నాడు. గేటు తీశాడు. లోపల ఎసరు పొంగి పొయ్యి మీద పడుతోంది. గౌరమ్మ మూత తీయడానికి పోయింది. గురప్ప కదలకుండా అట్లాగే ఆమెను చూస్తున్నాడు. మునీశ్వరి గడప పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"బియ్యం డ్రమ్ము అడుగున ఉండాది."